షటిల్ నుంచి పికిల్‌బాల్‌కి వచ్చినవాళ్ళు ఎలాంటి ప్యాడిల్ కొనాలి?

తమ్ముడూ, నువ్వడిగింది క్లుప్తంగా ఇది. పదేళ్ళకు పైగా షటిల్ ఆడినావు. ఇప్పుడు కరకంబాడి రోడ్డు వైపు కోర్టులో సాయంత్రాలు పికిల్‌బాల్ డబుల్స్ ఆడతా ఉన్నావు. వయసు నలభై దగ్గరికొచ్చింది, కుడి మోచేయి అప్పుడప్పుడు లాగుతా ఉంది. షాపులో 14 మిల్లీమీటర్ల మందం ఉన్న, పొడుగు రకం కార్బన్ ప్యాడిల్ చూపించి 'అటాకింగ్ ప్లేయర్‌కి ఇదే సార్' అన్నారు. మీ కోర్టులోనే ఒకాయన ఏడాదిన్నర వాడిన 13 మిల్లీమీటర్లది ఆరు వేలకి ఇస్తానంటున్నాడు. పది వేల లోపు ఏది తీసుకోవాలి?

రెండూ వద్దు. 16 మిల్లీమీటర్ల మందం, వెడల్పు తల, రా కార్బన్ (పెయింటు పూత లేని కార్బన్) ముఖం, 220 నుంచి 228 గ్రాముల బరువు, సన్న పిడి. నీకు కావాల్సింది ఇది. కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. కాస్త వివరంగానే చెప్తా, తిరుపతిలో షటిల్ వదిలి ఇటొస్తున్న చాలామందికి ఇదే సందేహం ఉంది కాబట్టి.

ముందు ఆ 'అటాకింగ్ స్టైల్' మాట పక్కన పెట్టు. షటిల్ కోర్టు నుంచి వచ్చినవాళ్ళలో తనది డిఫెన్స్ ఆట అని చెప్పుకున్న మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. అందరిదీ అటాకే. ప్యాడిల్ ఎంచుకునేటప్పుడు మనం పాయింట్లు ఎలా గెలుస్తున్నామో చూసి లాభం లేదు, ఎలా పోగొట్టుకుంటున్నామో చూడాలి. నీకు బాగా వచ్చిన షాట్ ఏ ప్యాడిల్‌తోనైనా వస్తుంది. రాని షాట్ దగ్గరే ప్యాడిల్ సాయం చేసేదీ, చేటు చేసేదీ.

అందుకని కొనేముందు ఒక పని చెయ్యి. తన వంతు కోసం బయట కూర్చున్నవాళ్ళలో ఒకరి చేతికి కాగితం ఇచ్చి, రెండు గేముల్లో నీ వల్ల పోయిన పాయింట్లు మాత్రం రాయమను. నాలుగు గడులు చాలు: బంతి పైకి లేచిపోయి అవతలివాళ్ళు కొట్టేసినవి, నెట్‌కి తగిలినవి, బయటికి పోయినవి, చేయి ఆలస్యమై పోయినవి. మా సాయంత్రం బ్యాచ్‌లో ఒక బ్యాంకు ఉద్యోగికి ఇలా రాయించాం. తనకి పవర్ ఎక్కువైపోయి బయటికి కొట్టేస్తున్నానని ఆయన గట్టి నమ్మకం. కాగితం చూస్తే గీతలన్నీ మొదటి గడిలోనే పడ్డాయి. కిచెన్ (నెట్‌ని ఆనుకుని ఉండే పట్టీ) గీత దగ్గర నిలబడి, మెత్తగా వచ్చిన బంతిని మెత్తగా తిరిగి పెట్టలేక లేపేస్తున్నాడు. ఆయన కూడా షటిల్ మనిషే.

నీదీ అదే గడి అని నా అంచనా. షటిల్ రాకెట్ 80, 90 గ్రాములుంటుంది, కాక్ ఐదు గ్రాములు. ఇక్కడ ప్యాడిల్ 210 నుంచి 240 గ్రాములు, బంతి 22 నుంచి 26 గ్రాములు. కోర్టు మాత్రం అదే కొలత: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అచ్చంగా షటిల్ డబుల్స్ కోర్టు. అపార్ట్‌మెంట్లలో పాత షటిల్ కోర్టు మీదే టేపులు అంటించి ఆడేస్తున్నది అందుకే. కోర్టు అదే కనిపించేసరికి చెయ్యి కూడా పాత పనే చేస్తుంది. షటిల్‌లో నెట్ ఐదడుగులు, తల పైనుంచి కిందికి దంచడమే సుఖం. ఇక్కడ నెట్ మధ్యలో 34 అంగుళాలే, కానీ దానికి రెండు పక్కలా ఏడేసి అడుగుల కిచెన్ ఉంది, అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. దాంతో నీ దగ్గరికొచ్చే బంతుల్లో చాలా భాగం నెట్ ఎత్తుకన్నా కిందే దొరుకుతాయి. వాటిని మణికట్టుతో విదిలిస్తే అవతలివాడి భుజం ఎత్తులో వెళ్ళి కూర్చుంటాయి. ఇంక వాడు వదులుతాడా?

అంటే నీకు వేగం కొదవలేదు. నెట్ దగ్గర నలుగురూ చకచకా కొట్టుకునే ఘట్టంలో షటిల్ వాళ్ళ చేతులు అందరికన్నా ముందుంటాయి. స్మాష్ ఎలాగూ ఉంది. నీ చేతిలో ఉన్న వేగాన్ని కాస్త తగ్గించి పంపే ప్యాడిల్ కావాలి. ఉన్నదాన్ని ఇంకా పెంచేది తీసుకుంటే ఆ మొదటి గడి ఇంకా నిండుతుంది.

మందం దగ్గరే దీని అసలు సంగతి ఉంది. ఇప్పటి ప్యాడిళ్ళలో ఎక్కువ భాగం లోపల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌తో చేసిన తేనెపట్టు గదులుంటాయి, దీన్నే కోర్ అంటారు, పైన రెండు వైపులా పలచటి కార్బన్ గానీ ఫైబర్‌గ్లాస్ గానీ రేకు. 13, 14 మిల్లీమీటర్ల కోర్ అయితే బంతిని తగిలీ తగలగానే తిప్పికొడుతుంది. డ్రైవ్ (నేరుగా గట్టిగా కొట్టే షాట్) కొట్టినప్పుడు చప్పుడూ బావుంటుంది, చేతికి మజాగానూ ఉంటుంది. 16 మిల్లీమీటర్లది బంతి దెబ్బని కొంత తనలో ఇముడ్చుకుంటుంది. డింక్ (నెట్ దగ్గర నుంచి అవతలి కిచెన్‌లోకి మెత్తగా పెట్టే షాట్) పెట్టినప్పుడు, వెనక గీత నుంచి మూడో షాట్ డ్రాప్ (సర్వ్, దాని రిటర్న్ తర్వాత బంతిని కిచెన్‌లో మెత్తగా పడేసే షాట్) వేసినప్పుడు, మీదికొచ్చిన స్మాష్‌ని కిచెన్‌లోకి చల్లార్చినప్పుడు ఆ రెండు మిల్లీమీటర్లు చేతికి తెలుస్తాయి. మధ్యలో తగలని బంతి కూడా మరీ దారి తప్పదు. మోచేతికి కూడా మందమైన కోర్ కాస్త దయ చూపిస్తుంది, అదురు తక్కువ.

మోచేయి గురించి ఇంకో మాట. నొప్పి ఉంది కదా అని బాగా తేలిక ప్యాడిల్ తీసుకోమని చాలామంది చెప్తారు. 205, 210 గ్రాముల ప్యాడిల్‌తో గట్టి డ్రైవ్‌ని అడ్డుకున్నప్పుడు అది చేతిలో అదిరి మెలిక తిరుగుతుంది, తిరగనివ్వకుండా నువ్వు పిడిని ఇంకా బిగిస్తావు. ఆ బిగింపే మోచేతిని తినేస్తుంది. మరీ బరువైనా భుజం మీద పడుతుంది. అందుకే మధ్యస్తంగా 220 నుంచి 228 అన్నాను. నాలుగైదు వారాలుగా నొప్పి అలాగే ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించుకో, ప్యాడిల్ తర్వాత.

ఇక ఆకారం. అమెరికా పికిల్‌బాల్ సంఘం నిబంధన ప్రకారం ప్యాడిల్ పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు మించకూడదు, పొడవు ఒక్కటే తీసుకుంటే 17 మించకూడదు. మందానికీ బరువుకీ హద్దు లేదు. ఈ 24 అన్నది గుర్తుపెట్టుకుంటే ఆకారాల లెక్క సులభంగా అర్థమవుతుంది. మామూలు వెడల్పు ప్యాడిల్ 16 ఇంటూ 8. షాపులో నీకు చూపించిన పొడుగు రకం సుమారుగా 16.5 ఇంటూ 7.5. పొడవులో దొరికింది వెడల్పులో పోతుంది. పొడుగు దాంతో అందుబాటు అరంగుళం పెరుగుతుంది, కొసన వేగం పెరిగి సర్వ్, డ్రైవ్ గట్టిగా వెళ్తాయి. బదులుగా బంతి సరిగ్గా తగలాల్సిన చోటు సన్నబడుతుంది, అంచు దగ్గర తగిలితే ఎక్కువ మెలిక తిరుగుతుంది, తల బరువు చేతికి దూరంగా ఉండి నెట్ దగ్గర తిప్పడం ఆలస్యమవుతుంది. సింగిల్స్ ఆడేవాళ్ళకి, టెన్నిస్ నుంచి వచ్చి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కొట్టేవాళ్ళకి అది మంచి బేరం. వాళ్ళకి ఐదున్నర అంగుళాల పొడుగు పిడి కూడా కావాలి. డబుల్స్‌లో నెట్ దగ్గర గడిపే నీకు ఆ అరంగుళం అక్కర్లేదు, ఆ వెడల్పు కావాలి. వెడల్పు మరీ మొద్దుగా అనిపిస్తే రెండింటికీ మధ్యస్తంగా హైబ్రిడ్ అని దొరుకుతాయి, అవీ ఫర్వాలేదు.

టేబుల్ టెన్నిస్ నుంచి వచ్చినవాళ్ళకి నేను పొట్టి పిడి, వెడల్పు తల చెప్తా. చూపుడు వేలు ముఖం మీద పెట్టుకోవడం వాళ్ళకి అలవాటు, పొడుగు పిడి అడ్డమొస్తుంది. క్రికెట్ నుంచి నేరుగా వచ్చినవాళ్ళకి మొదటి ఆరు నెలలూ ఏ ప్యాడిల్ ఇచ్చినా బంతి గోడ దాటుతుంది, వాళ్ళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముఖం విషయంలో పెద్దగా ఆలోచించేది లేదు. ఫైబర్‌గ్లాస్ బంతిని ఎక్కువ ఎగరేస్తుంది, రా కార్బన్ తక్కువ. రా కార్బన్ మీద వేలు గీస్తే సన్నటి గరుకు తెలుస్తుంది, అది బంతిని పట్టి స్పిన్ ఇస్తుంది. తక్కువ ధర ప్యాడిళ్ళలో ఈ గరుకుని పెయింటులో కలిపి పూస్తారు. అలాంటిది త్వరగా అరిగి నున్నగా అయిపోతుంది. షాపులో గోటితో అంచు దగ్గర మెల్లగా గీరి చూడు. పొడి రాలినా, పూత మెరిసినా అది పూతే. 'టి700' అని కార్బన్ రకం పేరు ముద్ర వేసినంత మాత్రాన లోపల అదే కార్బన్ ఉందని కాదు, ఆ అక్షరాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. మన దగ్గర దుమ్ము ఎక్కువ కాబట్టి అసలైన గరుకు కూడా ప్లాస్టిక్ బంతి పొడితో, మట్టితో పూడిపోతుంది. కార్బన్ తుడిచే రబ్బరు ముక్క అని విడిగా అమ్ముతారు, వారానికోసారి దాంతో రుద్దితే చాలు. శాండ్ పేపర్ మాత్రం పెట్టొద్దు, ముఖం పోతుంది. టోర్నమెంట్ నిబంధన ప్రకారమూ కుదరదు.

బరువు అట్టమీద చూసి నమ్మొద్దు. ఒకే మోడల్‌లో ఒక ప్యాడిల్‌కీ ఇంకోదానికీ ఆరేడు గ్రాములు తేడా రావడం మామూలే. ఇంట్లో పిండి తూచుకునే చిన్న డిజిటల్ కాటా ఉంటే షాపుకి పట్టుకెళ్ళు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. అట్టమీద ఔన్సుల్లో రాసి ఉంటే 7.8 ఔన్సులంటే 221 గ్రాములు, 8 ఔన్సులంటే 227. రెండు ముక్కలు ఒకే మోడల్‌వి ఉంటే తేలికది తీసుకో. తేలికదానికి బరువు కలపొచ్చు, బరువైనదాన్ని కోయలేం. కలపడానికి టంగ్‌స్టన్ టేపు దొరుకుతుంది. ప్యాడిల్‌ని గడియారం అనుకుంటే 3, 9 అంకెల దగ్గర అంచుకి చెరో మూడు గ్రాములు అంటించి రెండు రోజులు ఆడు. అడ్డుకున్నప్పుడు మెలిక తగ్గడం వెంటనే తెలుస్తుంది. 12 దగ్గర అంటిస్తే పవర్ వస్తుంది కానీ తల బరువెక్కుతుంది. నీకు వద్దు.

ఎంత తూచినా కాటా చెప్పనిది ఒకటుంది, తిప్పేటప్పుడు చేతికి తెలిసే బరువు. స్వింగ్ వెయిట్ అంటారు. మంచి కంపెనీలు ఈ అంకె ఇస్తాయి. 110 లోపు అయితే చేతికి తేలిగ్గా తిరుగుతుంది, 118 దాటితే సాయంత్రం చివరి గేముకి భుజానికి తెలుస్తుంది. అంకె లేకపోతే పిడి కొసన పట్టుకుని చెయ్యి చాచి, ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కి గబగబా పదిసార్లు తిప్పు. రెండు ప్యాడిళ్ళు అలా ఒకదాని తర్వాత ఒకటి తిప్పితే చాలు, ఏది ఏదో చెయ్యే చెప్తుంది.

పిడి దగ్గర షటిల్ వాళ్ళకి ఒక సుఖం ఉంది, సన్న పిడికి అలవాటు పడినవాళ్ళు. చుట్టుకొలత నాలుగు అంగుళాలనుంచి నాలుగుంపావు దాకా ఉన్నది తీసుకో. పట్టుకున్నప్పుడు వేళ్ళ కొసలకీ అరచేతి మెత్తకీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టేంత సందుండాలి. సన్నగా అనిపిస్తే ఓవర్‌గ్రిప్ ఒక చుట్టు వేసుకో, లావుదాన్ని చెక్కలేవు. తిరుపతి ఎండకాలంలో రాత్రి ఎనిమిదింటికి కూడా చెయ్యి చెమటతో జారుతుంది. జిగురు రకం ఓవర్‌గ్రిప్‌లు మన ఉక్కలో సబ్బులా అయిపోతాయి, చెమట పీల్చే పొడి రకం వాడు. చవకే, ఒక్కొక్కటి తరచూ మార్చుకుంటా ఉండు. పాతబడ్డ గ్రిప్‌తో జారకుండా గట్టిగా బిగించి పట్టుకుంటే మళ్ళీ మోచేతి దగ్గరికే వస్తాం.

ఎండ అనగానే గుర్తొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో ప్యాడిల్‌ని స్కూటర్ డిక్కీలోనో, మూసిన కారులోనో వదిలెయ్యొద్దు. పార్కింగ్‌లో నిలబెట్టిన కారు లోపల వేడికి ముఖాన్నీ కోర్‌నీ కలిపే జిగురు మెత్తబడుతుంది. ఒకసారి ఊడటం మొదలైతే ఆ చోట బంతి ఒక్కోసారి మామూలుకన్నా దూకుడుగా ఎగురుతుంది, ఒక్కోసారి చచ్చుగా పడిపోతుంది. బంతి కూడా వేడికి మెత్తబడి పొద్దున ఆడినట్టు ఆడదు. ప్యాడిల్ మారిపోయిందేమోనని అనుమానం వస్తే ముందు పొద్దున ఆరింటికి ఒకసారి ఆడి చూడు.

ధరల సంగతి. ఆటవస్తువుల దుకాణాల్లో జత కింద అమ్మే చెక్క ప్యాడిళ్ళు వద్దు. 1965లో అమెరికాలో బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఈ ఆట మొదలైనప్పుడు అందరివీ చెక్కవే. 1984లో బోయింగ్ ఇంజినీరు ఆర్లెన్ పరాంటో విమానాల్లో వాడే తేనెపట్టు ప్యానెళ్ళతో మొదటి కంపోజిట్ ప్యాడిల్ చేసినప్పటి నుంచి ఆ చెక్కతో కుస్తీ పట్టే అవసరం తీరిపోయింది. సుమారుగా నాలుగు నుంచి ఎనిమిది వేల మధ్యలో నేను చెప్పిన లక్షణాలన్నీ దొరుకుతాయి. పదిహేను వేలు దాటినవాటిలో అంచు చుట్టూ ఫోమ్ నింపి వేడి మీద అచ్చు పోసినవి, కోర్ మొత్తం ఫోమ్‌తో చేసినవి వస్తున్నాయి. మంచివే, కానీ చాలావాటికి దూకుడు ఎక్కువ. నీ మొదటి గడి ఖాళీ అయ్యాక వాటి గురించి ఆలోచించు. టోర్నమెంట్లకి వెళ్ళాలని ఉంటే నిర్వాహకులు ఏ ఆమోదిత జాబితా పాటిస్తున్నారో అడిగి, మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా దాంట్లో ఉందో లేదో చూసుకుని కొను.

కొనేముందు అరువు తెచ్చుకుని ఆడి చూడు. షాపులో గోడకి నాలుగు బంతులు కొట్టి తేల్చుకోవద్దు. కొత్త ప్యాడిల్‌తో గట్టిగా కొట్టిన ప్రతి బంతీ బ్రహ్మాండంగానే ఉంటుంది, అమ్మేవాళ్ళకి అది తెలుసు. మన కోర్టుల్లో అడిగితే ఎవరూ కాదనరు, ఒక గేము ఇస్తారు. చెన్నైలోనో బెంగళూరులోనో బంధువులుంటే అక్కడి పెద్ద కోర్టుల్లో అద్దెకిచ్చే ప్యాడిళ్ళు రకరకాలుంటాయి, అవీ పట్టి చూడొచ్చు. తెచ్చుకున్నాక మొదట పది నిమిషాలు కిచెన్ గీత దగ్గర డింకులే ఆడు, సగం బ్యాక్‌హ్యాండ్ వైపు. తర్వాత స్నేహితుణ్ణి గట్టిగా డ్రైవ్ చెయ్యమని, నువ్వు అడ్డుకుని కిచెన్‌లో పడెయ్యి. ఆ తర్వాత వెనక గీత నుంచి డ్రాప్‌లు. సర్వ్, స్మాష్ ఆఖర్న, అవి కొట్టకపోయినా నష్టం లేదు. ఒకే సాయంత్రం మూడు ప్యాడిళ్ళకన్నా ఎక్కువ పట్టొద్దు, చెయ్యి గందరగోళపడుతుంది.

ఇక మీ కోర్టులో ఆయన ఇస్తానన్న 13 మిల్లీమీటర్లది. ఏడాదిన్నర వారానికి నాలుగైదు రోజులు ఆడినదంటే రా కార్బన్ గరుకు చాలా మటుకు పోయుంటుంది, వేలితో రుద్దితే నీకే తెలుస్తుంది. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు, రూపాయి నాణెంతో ముఖం మీద అంగుళం అంగుళం తట్టి చూడు. అన్ని చోట్లా ఒకే శబ్దం రావాలి. మధ్యలో ఎక్కడైనా గుల్లగా, మొద్దుగా వినిపిస్తే అక్కడ కోర్ నలిగింది. రెండు బొటనవేళ్ళతో ముఖాన్ని నొక్కితే కరకరమన్నా, పిడి దగ్గర మెడ కదిలినట్టున్నా మారుమాట్లాడకుండా తిరిగిచ్చెయ్యి. ఇవన్నీ బాగున్నా సరే ఆరు వేలు ఎక్కువ. అదే డబ్బుకి కొత్త 16 మిల్లీమీటర్లది వస్తుంది. రెండున్నర వేలకి ఇస్తానంటే తీసుకుని ఇంట్లో ఉంచుకో, సెలవులకి వచ్చిన తమ్ముళ్ళకీ బావమరుదులకీ ఒకటి కావాలి కదా.